ఓ నెత్తిన అల

హెల్టర్‌మా రేవులో, టికెట్ల కిటికీ ముందు
మాయ్‌మూ గళ్ల కాగితం మడత విప్పింది.
ముప్పై ఏడు వరుసలు. పెన్సిలు రాత.
రాత్రి పదకొండింటికి తెరమీద కనబడ్డదంతా
చుక్క పోకుండా, కామా పోకుండా
ఎక్కించుకొచ్చింది,
బళ్లో డిక్టేషన్ రాసినట్టు.

"ఇందులో నా తప్పు ఏ వరుసలో ఉంది?"

కిటికీలో పిల్ల నాకు ఫోను చేసింది.
హాప్సలు నుంచి తర్వాతి పడవకి వచ్చాను.
చూడగానే గుర్తుపట్టాను.
అది నా రాత. ఆమె దస్తూరీలో.

నల్ పాయింటర్ ఎక్సెప్షన్.
రెండొందల పద్నాలుగో లైను.
దాని కింద, దాన్ని పిలిచినవాడు,
వాణ్ణి పిలిచినవాడు, వాడి తాత, ముత్తాత,
వంశవృక్షం వేళ్లతో సహా
అర్ధరాత్రి ఒక ముసలావిడ వంటింట్లో దిగబడింది.

మినహాయింపు అని పేరే గానీ
అది ఎవరినీ మినహాయించదు.
ప్రోగ్రాము దాన్ని విసురుతుంది.
మా పనిలో వాడే మాటే అది, విసరడం.
పట్టుకోవడానికి ఎవరో ఒకరు చెయ్యి చాచి ఉండాలి.
నేను చాచలేదు.
గురువారం సాయంత్రం, ఇంటికెళ్లే తొందర,
"తర్వాత చూద్దాం" అని పక్కన ఒక ముక్క రాసి వదిలేశాను.
ఆ తర్వాత
నాలుగేళ్లకి, తలకి ఉన్ని రుమాలు కట్టుకుని
నా ఎదురుగా నిలబడింది.

ఆమె వేలు మొదటి వరుస దాటలేదు.
ఫేటల్. ఆ ఒక్క మాట కింద రెండు గీతలు.
"మిగతావి నాకెందుకు బాబూ, ఇదొక్కటి తెలుసు.
మా చెల్లెలు ఆవలి గట్టున ఆస్పత్రిలో ఉంది.
దాని దగ్గరికి టికెట్ అడిగితే
ప్రాణాంతకం అంది మీ యంత్రం.
రాత్రంతా కుర్చీలోనే కూర్చున్నాను."

చెల్లెలు బతికే ఉంది.
తుంటి ఎముక అతుక్కుంటోంది,
సూపులో ఉప్పు లేదని నర్సుతో తగువు.
పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కుందట.
అయినా కాగితం తెచ్చింది.

ఆఫీసులో ఉర్మస్ ఒక పెంగ్విన్ బొమ్మ గీయించాడు.
"అయ్యో! ఏదో తేడా కొట్టింది!" అంటుంది పెంగ్విన్, రెక్కలాడిస్తూ.
దాన్ని తీసుకెళ్లి, మనసులోనే,
ఆ రాత్రి ఆ కుర్చీ పక్కన నిలబెట్టి చూశాను.
కొట్టేశాను.
"దయచేసి మీ వివరాలు సరిచూసుకోండి."
ఆమె వివరాలు సరిగ్గానే ఉన్నాయి, డెబ్బై ఆరేళ్లుగా.
కొట్టేశాను.
"కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."
ఎవడు చింతిస్తున్నాడు?

తెల్లవారేసరికి మిగిలింది ఇది:

తప్పు మాది, మీది కాదు.
టికెట్ బుక్ కాలేదు. డబ్బు మీ కార్డులోనే ఉంది.
కింది నంబరుకి ఫోన్ చేస్తే మనిషి పలుకుతారు.
4471 అని చెప్పండి, ఏం జరిగిందో మేం వెతుకుతాం.

ముప్పై ఏడు వరుసలూ ఎక్కడికీ పోలేదు.
ఆ నాలుగంకెల వెనకాల, మా లాగ్ ఫైల్లో,
ఎవరి తలనొప్పి వాళ్ల దగ్గరే.

ఇంతకీ అసలు తప్పు:
ఆమె ఇంటిపేరులో ఒక ఓ ఉంది,
దాని నెత్తిన చిన్న అల.
ఈ నేల మీద పిల్లలు మొదటి ఏడాదే దిద్దే అక్షరం.
నేనూ దిద్దినదే.
నా రెండొందల పద్నాలుగో లైను మాత్రం
దాన్ని ఎన్నడూ ఎరగదు, ఖాళీ అనుకుంది.
పడవల కంపెనీ ప్రోగ్రాము
ఒక్క అలకి మునిగిపోయింది.

సరిచేయడానికి పది నిమిషాలు.
నాలుగు వాక్యాలకి ఒక రాత్రి.

నవంబరు గాలివానలో సర్వరు మళ్లీ పడింది.
ఫోన్ నేనే ఎత్తాను.
"ఐదు, సున్నా, ఒకటి, రెండు" అంది ఆ గొంతు,
అంకె అంకె విడదీసి.
"తప్పు మీదేనట. అవునా?"
"అవునండీ."
కాసేపు గాలి చప్పుడు.
"సరే అయితే. పొద్దుటి పడవకి ఒకటి రాసుకో.
కిటికీ పక్కన."